నల్లపెట్టకు పురుగులు పడ్డప్పుడు

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఇంటి వెనక తొమ్మిది కోళ్లున్నాయి: నాలుగు వనరాజా రకంవి, మిగతావి నాటువి. పోయిన శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. ఆ వారంలోనే నల్లపెట్టకు పారుడు (విరేచనాలు) పట్టింది. తగ్గింది కదా అని నేను పట్టించుకోలేదు. తోక కింద ఈకలకు రెట్ట అంటుకుని అట్టకట్టిన సంగతి అసలు చూడనే లేదు.

ముసురు విడిచి ఎండ కాసిన రోజు జొన్నలు చల్లితే అన్నీ వచ్చాయి, అది రాలేదు. బాత్రూం గోడ నీడలో తోక వాల్చి నిలబడింది. దాని వెనక పచ్చగా మెరిసే ఈగలు నాలుగైదు. దగ్గరికి పోతే కుళ్లు వాసన. తోక ఎత్తి చూద్దును కదా, ఈకల మొదట్లో బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి ఈగ గుడ్లు, వాటి కింద చర్మం మీద రూపాయి బిళ్లంత పుండు. ఆ పుండు కదులుతోంది.

నేను కెవ్వున అరిచాను. అత్తమ్మ వచ్చి చూసి, "పురుగులు పడ్డయ్ బిడ్డా. బర్రెకు పడితే సీతాఫలం ఆకు నూరి పెడ్తం, తెస్తనుండు" అని చెలక వైపు నడిచింది. పక్కింటి వదిన ఫినాయిల్ పొయ్యమంది. నాకెందుకో రెండూ మనసొప్పక, పశువులకు చిన్న చిన్న వైద్యం చేయడానికి మా ఊరికి వచ్చే గోపాలమిత్రకు ఫోన్ చేశాను. ఆయన ముందు ఒక్క మాటే అన్నాడు: "ఫినాయిల్, టర్పెంటైన్ ఏదీ పొయ్యకండమ్మా, కోడి చర్మం పలుచన, కాలిపోతది. ముందు ఈకలు కత్తిరించి ఉప్పు నీళ్లతో కడగండి." ఆకు సంగతి అడిగితే, పచ్చి పుండులో ఆకు ముద్ద కూరితే లోపల తడి ఆరదన్నాడు. దాని రసం కంట్లో పడితే ఇంకో తిప్పలు.

పాత తువ్వాలలో కోడిని చుట్టి అత్తమ్మ ఒళ్లో పట్టుకుంది. కత్తెరతో పుండు చుట్టూ ఈకలు కత్తిరించాను. లాగి పీకకూడదు, చర్మం ఊడి వస్తుంది. గోరువెచ్చని నీళ్లు లీటరుకు ఒకటిన్నర టీ చెంచా ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజీతో మెల్లగా కొట్టాను. ఒక వింత అప్పుడే చూశాను. ఈ పురుగులు తల లోపలికి దూర్చి తింటాయి, ఊపిరి మాత్రం వెనక కొస నుంచి పీలుస్తాయి. పుండు నిండా నీళ్లు నిలిపితే గాలాడక వెనక్కి వెనక్కి బయటికొస్తాయి. అలా వచ్చినవాటిని కనుబొమ్మలు తీసే ప్లకర్‌తో పట్టి ఉప్పు నీళ్ల గిన్నెలో వేశాను. అరవై దాకా లెక్కపెట్టి తర్వాత మానేశాను. గంటన్నర పట్టింది. కోడి ఒక్కసారి కూడా అరవలేదు, అదే ఎక్కువ భయం వేసింది.

తర్వాత బీటాడిన్ లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడిగాను. ఇక్కడే తప్పు చేశాను. పని అయిపోయిందన్న సంతోషంలో, తడి ఆరకముందే దాన్ని వాకిట్లో గంప కింద మూశాను. గంప సందుల్లోంచి ఈగలు పోవా? మర్నాడు పొద్దున చూస్తే ఈకల మొదట్లో మళ్లీ గుడ్లు, పుండులో సన్నటి కొత్త పురుగులు. ఈ వేడికి గుడ్డు ఒక్కరోజులోపే పొదిగి పురుగవుతుంది. నేను తీయకుండా వదిలిన పాత గుడ్లు కొన్ని, కొత్తగా పెట్టినవి కొన్ని అయ్యుంటాయి. ఆ రోజు ఏడుపొచ్చింది.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి గుడ్లున్న ఈకలన్నీ మొదలంటా కత్తిరించి, కడిగాక మెత్తటి గుడ్డతో అద్ది, ఎండలో ఆరబెట్టి, ఇంట్లో మూల గదిలో అట్టపెట్టెలో పెట్టి పైన పిల్లల పాత దోమతెర కప్పాను. పశువుల డాక్టరు దాని బరువు చూసి పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మందు కొలిచి వేశాడు. కోడికి ఇది అంచనాతో వేసే మందు కాదు. ఆయన చెప్పినన్నాళ్లు దాని గుడ్లు తినకూడదు, అది ఎలాగూ పెట్టలేదనుకోండి. కింద పరిచిన పేపర్లు రోజుకు రెండుసార్లు మార్చాను. బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు, జొన్న గట్క, ఉడికించిన గుడ్డు పెట్టాను. గుడ్డు చూసి అత్తమ్మ "కోడికి కోడిగుడ్డా!" అని మూడు రోజులు నవ్వింది.

మూడో రోజు నాలుగు పురుగులు, నాలుగో రోజు ఒకటి. ఆ తర్వాత ఏమీ లేవు. అయినా వారందాకా పొద్దున, సాయంత్రం టార్చి వేసి చూశాను. పుండు అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం కమ్ముకుంటూ వచ్చింది.

బాత్రూం నీళ్లు కోళ్ల గూడు కిందికి పారుతున్నాయని అప్పుడే గమనించాను. కాలువ తిప్పి, గూట్లో తడిసిన ఊక తీసేసి పొడిది పోశాం. మూలకు గుంత తవ్వి పొయ్యి బూడిద, ఎండు మట్టి కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లుతున్నాయి. నట్టల మందు వేయించాం. వానలున్నన్నాళ్లు రెండు రోజులకోసారి కోళ్లను మూసే వేళ తోకలెత్తి చూస్తున్నాను, రెట్ట అంటుకుంటే అక్కడికక్కడే కత్తిరిస్తున్నాను. "ఈ ఇంట్ల కోళ్లకు గూడ క్షవరమే" అని వదిన ఎగతాళి చేస్తుంది. మొన్న ఆమె పెట్టకు పారుడు పట్టినప్పుడు ఆ కత్తెర కోసం మా ఇంటికే వచ్చింది.

నల్లపెట్టకు ఈకలు మళ్లీ వచ్చాయి. నన్ను చూస్తే మాత్రం ఇప్పటికీ గూడెనక్కి ఉరుకుతుంది.