కిల్టు కొనేటప్పుడు వెనక వైపు చూడండి

స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల బట్టే కిల్టు. సంప్రదాయ కిల్టుకు ఎనిమిది గజాల బట్ట పడుతుంది. అంటే మన తొమ్మిది గజాల చీరకు ఒక్క గజమే తక్కువ. చేత్తో కుట్టిన కొత్త కిల్టు కావాలంటే ఇక్కడ స్కాట్లాండ్‌లో ఐదారు వందల పౌండ్లయినా పెట్టాలి. మా ఆయన సహోద్యోగి పెళ్లికి పిలుస్తూ కిల్టుతో వస్తే సంతోషిస్తానన్నాడు. అద్దెకు తెచ్చుకుంటే పోతుంది కదా అని మా ఆయన. ఒక్క సాయంత్రం కట్టి తిరిగి ఇచ్చేసే బట్టకు డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. పాతది కొందామన్నాను. ఉన్ని కిల్టు సరిగా దాచుకుంటే ఒక మనిషి జీవితకాలం దాటి కూడా ఉంటుంది. అలాంటి వస్తువును పాతదని తీసిపారేయడం దేనికి?

మా నాన్న చీరాలలో మగ్గం నేసేవారు. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి చూసేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఆన్‌లైన్‌లో పాత కిల్టులు అమ్మేవాళ్లకు మాత్రం అది ఒంటబట్టలేదు. పది ప్రకటనల్లో తొమ్మిదింటికి ముందు వైపు ఫొటోలే ఉంటాయి. కిల్టుకు ముందు వైపు ఉండేది ఒకదానిమీద ఒకటి పడే రెండు చదును పొరలు, అంతే. వాటిని చూసి ఏమీ తేల్చలేం. పనితనమంతా వెనక కుచ్చిళ్లలో ఉంటుంది. బయటికి అంగుళం లోపే కనిపించే ఒక్కో కుచ్చు లోపల నాలుగైదు అంగుళాల బట్ట మడత పడి ఉంటుంది. మంచి దర్జీ ఆ మడతలను ఎలా లెక్క వేస్తాడంటే, వెనక నుంచి చూసినప్పుడు గళ్లు ఎక్కడా తెగకుండా, బట్టను మడవనే లేదన్నట్టు కనిపిస్తాయి. సైనిక దళాల కిల్టుల్లో మరో పద్ధతి ఉంది: ప్రతి కుచ్చు మధ్యలోనూ ఒకే చార వచ్చేలా కుడతారు. రెండూ పద్ధతైన పనులే. గళ్లతో నిమిత్తం లేకుండా ఎలా పడితే అలా మడిచి ఉంటే అది వేషం దుస్తుల దుకాణం సరుకు.

అందుకని నచ్చిన ప్రతి కిల్టుకూ మూడు ఫొటోలు అడిగేదాన్ని: వెనక భాగం, నడుము దగ్గర లోపలి వైపు, కింది అంచు. నడుము లోపల గట్టి క్యాన్వాసు, దాని మీద అస్తరు ఉండాలి. తోలు పట్టీలు, బకిల్సు ఉండాలి. వెల్క్రో కనిపిస్తే అక్కడితో వదిలేయవచ్చు. ఇక కింది అంచు సంగతి. సరైన కిల్టుకు సాధారణంగా కింద మడిచి కుట్టరు, మగ్గం మీద వచ్చిన అంచే కిల్టు అంచు. అందుకే పొడవు చాలకపోతే దింపడానికి లోపల బట్ట ఉండదు. నడుమును బకిల్సు జరిపి కొంత సర్దుకోవచ్చు గానీ పొడవును ఏమీ చేయలేం. ఒకాయన అచ్చమైన ఉన్ని అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. లోపలి ఫొటో అడిగితే, ఉన్న ఫొటోలు చాలవా అని ఎదురు ప్రశ్న వేశాడు. చాలవు.

కొలతల దగ్గర కూడా ప్యాంటు లెక్క పనికిరాదు. కిల్టు ప్యాంటు కంటే పైన, బొడ్డు ఎత్తున కూర్చుంటుంది. మా ఆయన ప్యాంటు 34. అక్కడ టేపు పెడితే 37 వచ్చింది. ఆ సంఖ్య చూసి ఆయన టేపును అనుమానించారు. పొడవు నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు.

అసలు చర్చంతా గళ్ల దగ్గర మొదలైంది. ఒక్కో గళ్ల నమూనాను ఇక్కడ టార్టాన్ అంటారు, వాటిలో చాలావాటికి స్కాట్లాండ్ వంశాల పేర్లుంటాయి. మనది ఏ వంశమని ఏ టార్టాన్ కట్టాలి, ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి అని ఆయన బెంగ. ఎవరు ఏది కట్టినా అడ్డుకునే చట్టమేదీ లేదు. బాల్మోరల్ టార్టాన్‌ను మాత్రం రాజకుటుంబానికే వదిలేయడం మర్యాద. ఒక్కో వంశానికి ఒక్కో టార్టాన్ అన్న పట్టింపు బలపడింది కూడా 19వ శతాబ్దంలోనే. స్కాట్లాండ్ కొండసీమ హైలాండ్స్‌లో తిరుగుబాటును అణిచిన కల్లోడెన్ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన 1746 చట్టం సైన్యంలో లేని మగవాళ్లకు హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1782లో దాన్ని ఎత్తేశారు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఊరంతా టార్టాన్ కట్టించాడు, దాంతో గిరాకీ అమాంతం పెరిగింది. మేముండే స్టిర్లింగ్ పక్కనే బానక్‌బర్న్ ఉంది. అక్కడి విల్సన్ నేత సంస్థ 1819లోనే నమూనాల పుస్తకం తయారు చేసుకుంది. వాళ్ల దగ్గర మొదట ఉత్త నంబరుతో ఉన్న నమూనాలు కొన్నింటికి తర్వాత వంశాల పేర్లు వచ్చాయి. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మా నాన్న నేసిన చీరలకు పేర్లు పెట్టింది షావుకార్లే.

చివరికి హంటింగ్ స్టువర్ట్ తీసుకున్నాం. ఆకుపచ్చ మీద నీలం, నలుపు పట్టీలు, సన్నగా ఎరుపు, పసుపు గీతలు. వంశంతో పని లేకుండా అందరూ కట్టే టార్టాన్లలో ఇదొకటి. ఒక పైపు బ్యాండు (బ్యాగ్‌పైపులు వాయించే బృందం) దుస్తులు మార్చుకుంటూ పాతవి అమ్మేస్తే 140 పౌండ్లకు దొరికింది. పాత కిల్టులు వెతికేవాళ్లకు నా సలహా బ్యాండు కిల్టులే. వానలో గాలిలో ఊరేగింపులు తట్టుకునే బరువైన ఉన్నితో, ఒళ్లు దాచుకోకుండా కుట్టినవి అవి.

పెట్టె విప్పగానే కలరా ఉండల వాసన. అది నాకు శుభవార్తే, ఎవరో చిమ్మటల సంగతి పట్టించుకున్నారన్నమాట. అయినా కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి, కుచ్చు కుచ్చూ విప్పి చిల్లులు వెతికాను. తర్వాత ఫ్రీజర్‌లో గోంగూర పొట్లాలు పక్కకు జరిపి, సంచిలో గట్టిగా చుట్టి రెండు వారాలు పెట్టాను. చిమ్మట గుడ్లుంటే ఆ చలికి చస్తాయి. బకిల్సు జరపడానికి ఇక్కడే కిల్టులు కుట్టే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఆమె కూడా ముందు తిరగేసే చూశారు. చేతికుట్టే అని తేల్చారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయనకు ఆమె చెప్పిన జాగ్రత్త ఒకటే. కిల్టు ముందు వైపు పెట్టే పిన్ను పై పొరకే గుచ్చాలి, రెండు పొరలకూ కలిపి గుచ్చితే కూర్చోగానే బట్ట చిరుగుతుంది. దారిలో నేనూ అదే చెప్పాను. ఆయన సరేనన్నారు. పెళ్లి రోజు మాత్రం పిన్ను నేనే పెట్టాను.