అతుకుల బొంత తిట్టెట్లయింది?

పేపర్లో సంకీర్ణ ప్రభుత్వాన్ని ‘అతుకుల బొంత’ అని వెక్కిరించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఒక్క బొంత కుట్టి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో మేం బొంత అంటాం, పక్కింటి మరాఠీ వహిని, అదే వదిన, గోధడి అంటుంది. పాత చీరలు, ధోతులు పొరలుగా పరిచి, పెద్ద సూదితో అంచు నుంచి నడుమ దాకా కుట్టుకుంటూ పోవడమే.

పోయిన వానాకాలం నాకు అమెరికావాళ్ల బొంత, క్విల్ట్, కుట్టాలని బుద్ధి పుట్టింది. లాగ్ క్యాబిన్, అంటే దుంగల ఇల్లు, అనే నమూనా. నడుమ ఎర్ర చదరం, అది ఇంట్లో పొయ్యికి గుర్తంటారు, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు బట్ట పట్టీలు, రెండు వైపులా లేత రంగు, రెండు వైపులా ముదురు. ముందు పైబట్టంతా ఇలా ముక్కలతో అతికి, కింద దూది పొర, అడుగున ఇంకో బట్ట పెట్టి, మూడూ కలిపి కుట్టాలి. కుట్లు దూరం దూరంగా పడితే ఉతికినప్పుడు దూది ఉండలు కడుతుంది.

నేను అంతదాకా వెళ్తే కదా! అతుకు దగ్గర వదలాల్సింది పావు అంగుళమే. ఒక్కో కుట్టుకు రెండు పోగులు ఎక్కువ పట్టినా పట్టీ పట్టీకీ తేడా పెరుగుతుంది. ఒక చదరం 12 అంగుళాలు వచ్చింది, పక్కది పదకొండున్నర. రెండూ కలిపితే అంచు అప్పడంలా లేచింది.

“మంచి బట్టను కోసుడెందుకు, మళ్ల కుట్టుడెందుకే?” అంది అవ్వ. కొత్త కాటన్ మీటర్ల లెక్కన కొన్నదాన్ని, ఏం చెప్పను?

ఫోన్లో గీస్ బెండ్ బొంతలు చూపించాను. అమెరికాలోని అలబామాలో నది వంపులో ఉన్న ఊరు, పత్తి చేలలో బానిసలుగా బతికినవాళ్ల వారసులది. చేలో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతోనే ఎన్నో కుట్టారు. 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో గోడకెక్కాయి, 2006లో తపాలా బిళ్లల మీదికి వచ్చాయి. వాటి గీతలూ వంకరే, కాకపోతే అది చెయ్యి తిరిగినవాళ్ల వంకర, నాలాంటి వంకర కాదు. జేబు ఊడదీసిన చోట నీలం ముదురుగా మిగిలి, చుట్టూ వెలిసిపోయి ఉంటే, అవ్వ అదే పెద్దది చేయమని మళ్లీ మళ్లీ చూసింది. మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ చనిపోయిన భర్త పనిబట్టలతో 1942లో బొంత కుట్టుకుందని చెప్పాను.

“నా దాంట్ల మీ తాత ధోతి లేదా?” అంది, అదేం పెద్ద సంగతన్నట్టు. తర్వాత నా చదరాలు ఒళ్లో వేసుకుని, వంకరవి ఏరి పక్కన పెట్టింది.

మొత్తం తొమ్మిది. ఇప్పటికి మూడు విప్పాను.