ఆర్డర్లు పెరిగితే చేతిలో డబ్బెందుకు తగ్గుతుంది?

చిన్న సంస్థ ఎంత వేగంగా పెరుగుతుందన్నది చాలావరకు ఒక్క లెక్క మీద నడుస్తుంది: పెట్టిన రూపాయి తిరిగి చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? పచ్చళ్ళ యూనిట్‌లో ఇది బాగా కనబడుతుంది. ఆవకాయ కాయ వేసవిలోనే దొరుకుతుంది, అమ్మకం మాత్రం ఏడాది పొడవునా.

ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్న యూనిట్ అనుకుందాం. సరుకు, సీసాలు, కూలీ కలిపి నెలకు సగటున 4 లక్షలు. కొన్న కాయ పచ్చడై, షాపుకెళ్ళి, బిల్లు వసూలయ్యేసరికి 4 నెలలు. అంటే ఎప్పుడు చూసినా 16 లక్షలు నిల్వల్లోనూ బాకీల్లోనూ ఇరుక్కుని ఉంటాయి. అద్దెలూ ఇంటి ఖర్చూ పోను ఏడాదికి 4 లక్షలు మిగిలితే, అప్పు లేకుండా వచ్చే ఏడాది 75 లక్షల దాకా వెళ్ళొచ్చు. అదే 3 నెలలకు తగ్గిస్తే పాత వ్యాపారానికి 12 లక్షలు చాలు. విడుదలైన 4 లక్షలకు మిగులు 4 లక్షలు కలిస్తే కోటి రూపాయల అమ్మకాలకు సరిపోతుంది. లాభం ఒక్క పైసా పెరగకుండానే!

ఆ ఒక్క నెల ఎక్కడ దొరుకుతుంది? ఏడాది సరుకంతా మే నెలలోనే కలిపేస్తే నూనె, కారం డబ్బు కూడా డ్రమ్ముల్లో కూర్చుంటుంది. ఖర్చులో బరువైనవి అవే. అందుకే పెద్ద యూనిట్లు ముక్కలు కొట్టి ఉప్పునీళ్ళలో నిల్వ ఉంచి, ఆర్డర్లు వచ్చేకొద్దీ ఉప్పు కడిగి, కారం, ఆవపిండి, నూనె కలుపుతాయి. ఉప్పు తగ్గితే ముక్క మెత్తబడుతుంది. సరిగా చేసినా కొత్తావకాయ రుచి రాదు, కాబట్టి మేలిరకం ఆవకాయను విడిగా మేలోనే పెట్టుకోవడం మంచిది.

రెండో చోటు బాకీలు. సూపర్ మార్కెట్ పెద్ద ఆర్డరిస్తే సంబరపడతాం గానీ, డబ్బు 60 రోజులకు, అదీ కారిన సీసాలు, గడువు దాటిన సరుకు విలువ కోసుకుని ఇస్తారు. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళు జీఎస్టీ మాత్రం మరుసటి నెల 20కల్లా కట్టాల్సిందే, బిల్లు వసూలైనా కాకున్నా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. అడిగితే ఆ షాపు ఆర్డర్లు పోతాయన్న భయంతో ఆ వడ్డీ అడిగేవాళ్ళు తక్కువ. అయినా ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటించి చెల్లిస్తే, చెల్లించిన ఏడాదిలోనే దాన్ని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరు కనుక, కొన్నవాళ్ళ అకౌంటెంటే మార్చిలో ఫోన్ చేస్తాడు.

రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి ఈ ఖాళీని కొంత పూడుస్తుంది: చిన్న యూనిట్లకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం లెక్కన, 60 లక్షలకు 12 లక్షలు. అయితే వాడుకోగలిగేది నెలనెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను (నిల్వలు, రావలసిన బాకీల లెక్కను) బట్టే. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను అందులో లెక్కలోకి తీసుకోరు. వసూళ్ళు ఆగిన నెలలోనే పరిమితీ కుంగుతుంది. కొత్త ఊళ్ళో షాపులకు సరుకు పంపే ముందు, పాత షాపుల్లో రెండోసారి ఆర్డరిచ్చినవి ఎన్నో, డబ్బు ఎన్నాళ్ళకు ఇచ్చాయో ఒకే కాగితం మీద రాసి చూడండి.