36 బిట్ల అక్షరాలతో నా కుస్తీ: పాత అడ్వెంచర్ గేమ్ లైనక్స్‌లో

కొలోసల్ కేవ్ అడ్వెంచర్ తెలుసు కదా, విల్ క్రౌథర్ మొదలుపెడితే 1977లో డాన్ వుడ్స్ పెద్దది చేసిన, మాటలు టైప్ చేసి ఆడే గేమ్, ఫోర్ట్రాన్ భాషలో రాసిన దాని సోర్స్ కోడ్‌ని మా ల్యాప్‌టాప్‌లో ఆడించాలని కూర్చున్నా. ఇప్పటి ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్‌కి ఇచ్చా, ఎర్రర్ల వరద. ఆక్టల్ (8 బేస్) నంబర్ ముందు ఒకే ఒక్క డబుల్ కోట్ పెట్టడం, ఆ గేమ్ పుట్టిన పీడీపీ-10 కంప్యూటర్ తయారుచేసిన డెక్ కంపెనీ వాళ్ళ పద్ధతి, ఈ కంపైలరేమో దాన్ని చూసి స్ట్రింగ్ (అక్షరాల వరస) మొదలైందనుకుంటుంది. అలాంటివి ఓపిగ్గా సరిచేస్తే పోతాయి.

అసలు తిప్పలు స్ట్రింగులతోనే, ఎందుకంటే ఆ కోడ్‌లో స్ట్రింగ్ అనేదే లేదు! అక్షరాల కోసమే ఉన్న క్యారెక్టర్ టైప్ వచ్చింది ఫోర్ట్రాన్ 77తో, ఇదేమో అంతకుముందు బాపతు, అక్షరాల్ని ఇంటిజర్‌లో (పూర్ణాంకంలో) కుక్కేస్తారు. పీడీపీ-10లో వర్డ్‌కి (మెషిన్ ఒకేసారి పట్టే డేటా ముక్కకి) 36 బిట్లు, అక్షరానికి 7 చొప్పున ఐదు పట్టి చివర్న ఒక బిట్ ఖాళీ.

అన్నీ క్యారెక్టర్‌కి మార్చెయ్ అన్నారు తెలిసినవాళ్ళు. నాకు నచ్చలేదు. ఆ కోడ్ మాటల మీద మాస్కులేస్తుంది (కావలసిన బిట్లే ఉంచుతుంది), షిఫ్టులు చేస్తుంది (బిట్లు పక్కకి జరుపుతుంది), పైగా మ్యాజిక్ మాటలు మెమరీలో ఎవరికీ కనబడకుండా పీ హెచ్ ఆర్ ఓ జీ అనే ఐదక్షరాలతో ఎక్సార్ చేసి (బిట్లు తారుమారు చేసి) దాస్తుంది, అదంతా తిరగరాస్తే ఇంక పోర్టింగ్ ఏముంది?

అందుకే 64 బిట్ల ఇంటిజర్ తీసుకుని కింది 36 మాత్రమే వాడుతూ ఒక ప్యాక్ ఫంక్షన్ రాసుకున్నా. మొదటి అక్షరం 29 బిట్లు ఎడమకి, తర్వాతవి వరసగా 22, 15, 8, 1. మాట చిన్నదైతే మిగతా చోట స్పేస్ నింపాలి, సున్నా కాదు. ఐదూ స్పేసులిస్తే ఆక్టల్‌లో 201004020100 వచ్చిందా, ప్యాకింగ్ ఓకే. కోడ్‌లో కోట్స్ మధ్య ఉన్న మాటల్ని కూడా దీని గుండానే పంపాలి, వదిలేస్తే ఇంటెల్ ప్రాసెసర్ మొదటి అక్షరాన్ని తీసుకెళ్ళి కింది బైట్‌లో పెడుతుంది, ఎక్కడా మ్యాచ్ అవదు. ఇది కుదిరాక పాత మాస్కులు ఒక్క అంకె మార్చకుండా పనిచేశాయి, అదీ మజా.

ఒక మెలిక ఉంది, ఏ నుంచి జెడ్ దాకా ఏ అక్షరంతో మొదలైనా 36లో అన్నిటికంటే పై బిట్ 1 అవుతుంది, అంటే పీడీపీ-10 లెక్కలో అది నెగటివ్ నంబర్. మాటలు వెతికేచోట సమానమా కాదా అనే చూస్తారు కాబట్టి ఇక్కడ బతికిపోయాం, చిన్నా పెద్దా పోల్చే ప్రోగ్రామైతే ఆ పై బిట్‌ని 64 బిట్ల దాకా పరిచే సైన్ ఎక్స్‌టెన్షన్ తప్పదు.

ఇప్పుడు నార్త్‌ఈస్ట్ అని పూర్తిగా కొడితే నార్త్‌కి పోతోంది, మొదటి ఐదక్షరాలే చూస్తా, ఎన్‌ఈ అని కొట్టు అని గేమే ముందు చెప్తుందిలెండి. అది ఫిక్స్ చెయ్యొచ్చుగా అన్నాడు మా ఫ్రెండు. చెయ్యను.