మైనంలో తంగేడు, గునుగు

సైనిక్‌పురిలో ఉండే ఒకావిడ ఫోన్ చేసి, వాళ్లమ్మ బతుకమ్మ పేర్చగా మిగిలిన పూలు దాచాను, వాటితో పెయింటింగ్ చేసిస్తారా అని అడిగారు. నేను చేసేది ఎన్‌కాస్టిక్, అంటే వేడి మైనంలో రంగు కలిపి వేసేది, బ్రష్ పెట్టి తీసేలోపే గట్టిపడిపోతుంది, దాన్ని మళ్లీ హీట్ గన్‌తో కరిగించి కింది పొరకి అతికించాలి, అట్లా పొర మీద పొర. తంగేడు, గునుగు అనగానే ఇంకేం ఆలోచించలేదు, ఒప్పేసుకున్నా.

ఆవిడ చేసిన మంచిపని ఏంటంటే ఆ రోజే పూలని పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి పైన బరువైన పుస్తకాలు పెట్టేశారు. పువ్వులో ఏ కొంచెం తడి ఉన్నా వేడి మైనం తగలగానే బుడగలొస్తాయి, ఆ తడి లోపలే ఉండిపోతే తర్వాత నల్లబడుతుంది. గునుగుతో పెద్ద ఇబ్బంది లేదు, ఆ పువ్వు చెట్టు మీదే సగం ఎండినట్టు ఉంటుంది, లావుగా ఉన్న కంకుల్ని మాత్రం నిలువుగా చీల్చి పెట్టాలి. బంతిపూలు నేనే వద్దన్నా, తొడిమ దగ్గర మందం ఎక్కువ, రేకులు విడదీసి పెడితే అది బంతిలా ఉండదు.

మైనం అంటే తేనె మైనం, అందులో డామర్ రెసిన్ కలుపుతా, మన గుగ్గిలంలాగే అదీ చెట్టు నుంచి వచ్చే బంకే, దాదాపు 8 పాళ్ల మైనానికి 1 పాలు, అప్పుడే గట్టిదనం వస్తుంది. కాన్వాస్ మీద వేస్తే గుడ్డ కదిలినప్పుడల్లా పగుళ్లొస్తాయి కాబట్టి ప్లైవుడ్ ప్యానెల్ మీదే.

ఇక రంగు సంగతి. తంగేడు ఎండాక ఆ పసుపు ఉండదు, గోధుమరంగులోకి పోతుంది. రేకుల మీద పసుపు పెయింట్ వేసేయండి అన్నారావిడ, నాకు మనసొప్పలేదు, వాళ్లమ్మ చేతుల్లోంచి వచ్చిన పువ్వు మీద నేను రంగు పూయడమేంటి? పల్చటి రేకు మైనం తాగితే కింద ఉన్నది కనబడేంత పారదర్శకంగా అయిపోతుంది, అందుకని పసుపుని రేకు కింద పొరలో పెట్టా, ఇప్పుడు ఆ వెలుగు రేకులోంచే వస్తున్నట్టుంటుంది. పువ్వు పైన మైనం ఎంత వేస్తామన్నదే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం, ఎక్కువైతే పొగమంచులో పడ్డట్టు మసకబారుతుంది, తక్కువైతే అంచులు లేచిపోతాయి. హీట్ గన్ గాలికి రేకులు ఎగిరిపోతాయి కూడా, ముందు ప్రతి పువ్వునీ పల్చగా మైనంతో అంటించి, లో సెట్టింగ్‌లో దూరం నుంచి వేడి చూపించాలి. ఫ్యాన్ కట్టేసి, కిటికీలు తెరిచి, హైదరాబాద్ మార్చిలో ఈ పని.

బతుకమ్మ గోపురం ఆకారంలోనే కావాలనుకున్నారు ముందు. నేనేమో, బతుకమ్మని పేర్చకముందు సిబ్బి (పేర్చే పళ్లెం) పక్కన పూలు పరిచి ఉంటాయి చూడండి, అట్లా చేద్దామన్నా, ఎందుకంటే నొక్కిన పువ్వు చదునుగా ఉంటుంది, దాన్ని ఎత్తుగా చూపించాలని చూస్తే అబద్ధంలా ఉంటుంది. స్కెచ్ చూశాక వెంటనే సరే అన్నారు.

మన ఎండలకి కరిగిపోదా అని అందరూ అడుగుతారు, ఆవిడా అడిగారు. తేనె మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర, మే నెలలో కూడా ఇంట్లో గోడ అంత వేడెక్కదు. ఈజిప్టులో ఫయూమ్ దగ్గర మమ్మీల మీద పెట్టిన ముఖచిత్రాల్లో చాలావరకు ఇదే పద్ధతిలో వేసినవే, క్రీస్తుశకం 1 నుంచి 3 శతాబ్దాల నాటివి, ఎడారి దేశంలో ఇన్నేళ్లున్నాయి. కానీ ఎండలో అద్దాలు మూసిన కారు వేరే లెక్క, అందుకే తెల్లారగానే తీసుకెళ్లి ఇచ్చొచ్చా. నేరుగా ఎండ పడే గోడకి వద్దని, చలికాలంలో పైన తెల్లటి పొరలా వస్తే మెత్తటి కాటన్ బట్టతో మెల్లగా రుద్దితే మళ్లీ మెరుపొస్తుందని చెప్పా.

వాళ్లమ్మగారు చూసి, గునుగు కంకి ఒకటి తలకిందులుగా పెట్టావమ్మా అన్నారు. కావాలనే పెట్టానండి అంటే, పోనీలే బాగుంది అన్నారు. ఇలాంటిది చేయించుకోవాలనుకునేవాళ్లు ఈసారి బతుకమ్మకే పూలు నొక్కి పెట్టుకోండి, వాడిపోయాక నొక్కితే ముడతలు పోవు.