శనివారం బెంచీ మీద: బూటు ముందా, బ్లేడు ముందా

శనివారం. పొద్దుటి పెద్దవాళ్ల ఫిగర్ స్కేటింగ్ సెషన్ అయిపోయింది. పది దాటేసరికి బెంచీల నిండా విప్పిన బూట్లు, తడి గుడ్డలు, చెమట సాక్సులు. డాలస్‌కి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో రింకుల్లో తెలుగు వినపడటం ఇప్పుడు కొత్తేం కాదు. పిల్లల్ని క్లాసులో దింపి, గంటసేపు చలిలో ఊరికే కూర్చోలేక తామూ ఐసు మీదికి దిగినవాళ్లే ఎక్కువ. వాళ్లు సింగిల్ జంపుల (గాల్లో ఒక చుట్టు తిరిగేవి) దాకా వచ్చాక ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఇవాళా వచ్చింది.

“యాక్సెల్ కూడా రాలేదు కదండీ, అప్పుడే బూట్లు మార్చడం ఎందుకు?”

యాక్సెల్ అంటే సింగిల్ జంపుల్లో అన్నిటికంటే కష్టమైనది, గాల్లో ఒకటిన్నర చుట్టు. అడిగినావిడకి లూప్ జంపు వచ్చేసింది, ఫ్లిప్ జంపు ఈమధ్యే మొదలుపెట్టారు. బరువు 70 కిలోల చుట్టుపక్కల. ఆవిడ అనుమానం కంపెనీల పట్టిక చూసి పుట్టింది: ఈ బూటు సింగిల్స్‌కి, ఆ బూటు డబుల్స్‌కి అని రాసి ఉంటుంది. ఆ పట్టికలో జంపు పేరుంటుంది కానీ దూకే మనిషి బరువుండదు. 30 కిలోల పిల్ల డబుల్ సాల్కౌ (రెండు చుట్ల జంపు) దిగినా తట్టుకునే చీలమండ గట్టిదనం, 70 కిలోల మనిషి సగం చుట్టు వాల్ట్జ్ జంపులకే కొన్ని నెలల్లో మెత్తబడిపోతుంది. స్కేటింగ్ టెస్టు స్థాయి చూసి కొనడమూ అంతే. అమెరికాలో పెద్దవాళ్ల టెస్టుల్లో అడల్ట్ బ్రాంజ్ అనే మెట్టు ప్రోగ్రాంలో యాక్సెల్ ఉండదు, అయినా ఆ స్థాయిలో ఉండగానే బూటు అరిగిపోయేవాళ్లు బోలెడుమంది. పెద్దవాళ్లు పట్టిక చెప్పినదానికంటే ఒక మెట్టు పైన చూసుకోవాలి. ఒక్క మెట్టే. ఎడియా కంపెనీ బూట్లలో ఓవర్చర్ మోడల్ గట్టిదనం అంకె 48, కోరస్‌ది 70. ఓవర్చర్ మెత్తబడినవాళ్లకి కోరస్ సరిపోతుంది. ఓవర్చర్ నుంచి ఒకేసారి 90 ఉన్న ఐస్ ఫ్లైకి ఎగిరితే మోకాలు వంగదు, బరువు ముందుకి రాదు, దిగేటప్పుడు కర్రలా దిగుతారు. జేబుకి చిల్లు పడటం అదనం.

ఆవిడ జత లేసులు పూర్తిగా వదులు చేసి బల్ల మీద పెట్టాం. కుడి బూటు నిటారుగా నిలబడలేదు, పైభాగం లోపలికి ఒరిగింది. చీలమండ దగ్గర తోలు మీద అడ్డంగా మడత. కాస్త మడత ఉండటం మంచిదే, మోకాలు వంచుతున్నారని గుర్తు. కానీ ఇక్కడ బొటనవేలితో రెండు పక్కలా నొక్కితే గోడలు ఒకదానికొకటి తగిలిపోయాయి. ఇంకోటి, కాలికి వేసుకుని లేసులు బిగిస్తే బూటు రెండు అంచుల మధ్య సందు దాదాపు లేదు. కొత్త బూటులో అక్కడ రెండు మూడు వేళ్ల వెడల్పుండాలి. అంచులు కలిసిపోయాక ఇంకెంత లాగినా పాదానికి పట్టు రాదు, అందుకే సెషన్ మధ్యలో మూడుసార్లు లేసులు కట్టుకోవాల్సి వస్తుంది. ఇన్‌సోల్ తీసి, అడుగున స్క్రూలు కూడా తిప్పి చూడాలి. ఎంత తిప్పినా బిగియకపోతే లోపల సోల్ కుళ్లినట్టు లెక్క. తోలు సోల్‌కి వాటర్‌ప్రూఫ్ పూత వేయకుండా బ్లేడు బిగించిన బూట్లలో ఇది మామూలు.

అయితే కాలు లోపలికి పడుతోందని వెంటనే బూటు మీద నెట్టేయకూడదు. బ్లేడు రెండు అంచులు హెచ్చుతగ్గులుగా సానపట్టినా అచ్చం ఇలాగే పడుతుంది. బ్లేడు మీద అడ్డంగా చిన్న స్టీలు స్కేలు ముక్క పెట్టి కంటి ఎత్తున చూస్తే తెలిసిపోతుంది. ముక్క ఒక పక్కకి వాలితే ఒక అంచు ఎత్తుగా ఉంది, అది పాతిక డాలర్ల లోపు పని. అంచులు సమంగా ఉంటే బ్లేడు బిగించిన చోటు చూడాలి. కాలు లోపలికి ఒరిగేవాళ్లకి బ్లేడుని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలి వైపుకి జరిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. సాన, బిగింపు, బూటు: చూడాల్సిన వరుస ఇది. చాలామంది వెనక నుంచి మొదలుపెట్టి అయిదారు వందల డాలర్లు ముందే ఖర్చుపెట్టేస్తారు. ఈవిడ విషయంలో మొదటి రెండూ బాగానే ఉన్నాయి, బూటే అయిపోయింది.

బ్లేడు సంగతి వేరు. గట్టి దెబ్బ తగిలితే తప్ప బ్లేడు ఒక్కసారిగా చెడదు, సాన తినేస్తుంది. వారానికి నాలుగు గంటలు చేసేవాళ్లు ఆరేడు వారాలకోసారి సానపట్టిస్తారు. షెఫీల్డ్‌లో తయారయ్యే జాన్ విల్సన్, ఎంకే బ్లేడుల్లో చాలావాటికి అంచు వెంట సన్నటి పట్టీ మేర క్రోమ్ (మెరిసే పూత) ఉండదు, ఆపైన మెరుపు మొదలవుతుంది. సాన ఆ మెరుపు గీత దగ్గరికి వచ్చిందంటే ఇక అంచు నిలవదు, బ్లేడు పని అయిపోయినట్టే. దానికి ముందే ఇంకో తేడా తెలుస్తుంది. అంచు అరిగి కిందికి దిగేకొద్దీ టో పిక్ (బ్లేడు ముందు కొసన ఉండే పళ్లు) అడుగు పన్ను పొడుచుకొచ్చినట్టయి, మామూలు గ్లైడ్‌లోనే ఐసుకి తగులుతుంది. సానపట్టేవాడు ముందుభాగం వంపు చదును చేసేస్తే మాత్రం బ్లేడు కొత్తదైనా స్పిన్ నిలబడదు. ఊళ్లో ఫిగర్ స్కేట్లు తెలిసిన సానవాణ్ణి వెతుక్కోవడం కొత్త బ్లేడు కొనడం కంటే ముఖ్యం. హాకీ బ్లేడులు మాత్రమే చేసే చేతికి ఇవి ఇవ్వకండి.

రాకర్, అంటే బ్లేడు పొడవునా ఉండే వంపు, దాని మాట కూడా వచ్చింది. కొరొనేషన్ ఏస్, ఎంకే ప్రొఫెషనల్ బ్లేడులది 7 అడుగుల వ్యాసార్థం ఉన్న వంపు. పాటర్న్ 99, ఫాంటమ్, గోల్డ్ సీల్ 8 అడుగులు. ఏడులో వంపెక్కువ, మలుపులు చురుగ్గా వస్తాయి. ఎనిమిది కాస్త చదును, గ్లైడ్ బాగుంటుంది, కాలి కింద నిలకడ ఎక్కువ. ఒకదాన్నించి ఇంకోదానికి మారితే స్పిన్‌లో బ్లేడు మీద బరువు నిలిపే బిందువు జరిగిపోతుంది, అలవాటయ్యేసరికి వారాలు పడుతుంది. సింగిల్స్ దగ్గరున్న పెద్దవాళ్లకి ఏస్ లాంటి మధ్యస్థాయి బ్లేడు ధారాళంగా చాలు. పాటర్న్ 99 పళ్లు పెద్దవి. మోకాలు లోతుగా వంచనివాళ్లని ముందుకి బోర్లా పడేస్తాయి, అయినా పేరు చూసి కొనేవాళ్లకి కొదవ లేదు. హాలో, అంటే రెండు అంచుల మధ్య గాడి వంపు, ఈ బరువుకి అర అంగుళం దగ్గర మొదలుపెట్టొచ్చు; అంకె తగ్గేకొద్దీ గాడి లోతు. 3/8 అంగుళానికి లోతు చేస్తే పట్టు పెరుగుతుంది కానీ ఆగడం, జారడం బరువెక్కుతాయి.

బూటు, బ్లేడు రెండూ ఒకేసారి మార్చకపోవడమే మేలు. ఏది ఇబ్బంది పెడుతోందో తెలియకుండా పోతుంది. ఆవిడ పాత ఏస్‌లో ఇంకా ఏడాది సాన ఉంది, 9 1/2 అంగుళాల పొడవు. కొత్త బూటు సోల్‌కి అది సరిపోతే అదే బిగిస్తారు. సోల్ దాటి ముందుకో వెనక్కో పొడుచుకొచ్చేట్టుంటే మాత్రం కుదరదు.

కొలత గురించి ఎంత చెప్పినా తక్కువే. పల్చటి సాక్సు, నిలబడి, రెండు కాళ్ల మీదా బరువు వేసి కొలవాలి. వీధి చెప్పుల సైజు పనికిరాదు. ఎడియా అయితే మిల్లీమీటర్లలోనే చూస్తుంది. నిటారుగా నిల్చుంటే వేళ్లు ముందు గోడకి తగలాలి, మోకాలు వంచగానే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మడమ లేస్తే ఎంత ఖరీదు బూటైనా వదిలేయండి. నలభై దాటిన కొందరి పాదాలకి బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ ఒక్క చోట తోలుని సాగదీసి ఇస్తారు. దానికోసం ఒక సైజు పెద్దది కొనడం దండగ.

బూటుకి బ్లేడు బిగించేటప్పుడు మొదట పొడవాటి సందు రంధ్రాల్లో మాత్రమే స్క్రూలు వేయించుకోవాలి. రెండు మూడు సెషన్లు చేసి, జరపాల్సింది జరిపాకే గుండ్రటి రంధ్రాల్లో పక్కా స్క్రూలు. మొదటి రోజుల్లో ఇరవై నిమిషాలు చాలు, జంపుల్లేవు, పై హుక్కు వదిలేసి కట్టాలి. వేళ్ల దగ్గర వదులు, చీలమండ వంపులో గట్టి, పైన మళ్లీ వదులు. చీలమండ ముందువైపు స్నాయువు మీద మంటగా నొప్పొస్తే అది లేసు కోత. బూటు నాలుక కింద జెల్ ప్యాడ్ పెట్టి, పైన ఇంకాస్త వదులు చేయాలి. బిగించేకొద్దీ అది పెరుగుతుంది.

ఆవిడ టెస్టు మూడు వారాల్లో ఉందట. అయితే టెస్టు అయ్యేదాకా పాత జతే అని తేలింది, చీలమండకి రోజూ రబ్బరు బ్యాండు వ్యాయామం, జంపులు సగానికి సగం తగ్గింపు. ఆర్డరు మాత్రం ఇవాళే పెట్టేశారు, వెడల్పు పాదాల సైజు స్టాకులో ఉండదు.