తాత ఆడితే ఆట, నేను ఆడితే జూదమా?

"తాత ఆడితే ఆట, నేను ఆడితే జూదమా అమ్మా?" పోయిన జూన్‌లో మేము విదేశం నుంచి తిరుపతి వెళ్లినప్పుడు, మా నాయన ముందరే మా పెద్దోడు అడిగిన మాట ఇది. ఇప్పటికీ నేను సరైన జవాబు చెప్పలేదు.

వాడికి 15 ఏళ్లు. స్కూల్లో స్నేహితుల దగ్గర పోకర్ నేర్చుకున్నాడని తెలిసిన రోజే పేక కట్ట లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. డబ్బులు పెట్టడం లేదమ్మా, ఉత్త ప్లాస్టిక్ బిళ్లలే అని ఎంత మొత్తుకున్నా వినలేదు. నా చిన్నప్పుడు మా మేనమామ మూడు ముక్కలాటలో రెండెకరాల మామిడితోట పోగొట్టుకున్నాడు. ఆ తోట తలుచుకుని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకోని పండగ లేదు. పేకముక్క కనబడితే నాకు ఈనాటికీ టెన్షనే.

అట్లాంటి నేను, నాయన స్నేహితులు ముగ్గురొచ్చి మిద్దె మీద పదమూడు ముక్కలు పంచుకుని రమ్మీ ఆడుతుంటే కాఫీలు ఇచ్చి వచ్చాను. వాడు చూశాడు. అడిగాడు.

రమ్మీ తెలివితో ఆడేది అన్నాను. 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పిందని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలని, మూడు ముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదని వివరించాను. అదంతా నాయన స్నేహితుల నోట ఎన్నోసార్లు విన్నదే. వాడు ఫోన్లో వెతికి నాకే చూపించాడు. 2020లో మన రాష్ట్రమే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని ఒకే గాటన కట్టి నిషేధించింది. నాకు మాట రాలేదు.

నాయన మాత్రం, "నీ ఆట ఏందో నాకూ నేర్పించు అబ్బోడా" అన్నాడు.

వామనగుంటల కోసం అవ్వ దాచిన చింతగింజలు తలా 50 తీసుకుని కూర్చున్నారు. ఆట పేరు ఒమాహా, పోకర్‌లోనే ఒక రకం. జోకర్లు తీసేస్తే మిగిలే 52 ముక్కలతో ఆడతారు. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు మూసి ఇస్తారు. వాటిని చూసుకుని ఒక విడత పందెం. తర్వాత మధ్యలో మూడు ముక్కలు తెరిచి పరుస్తారు, మళ్లీ పందెం. నాలుగోది తెరిచాక ఒకసారి, ఐదోది తెరిచాక చివరిసారి. కింద పరిచిన ఐదూ అందరివీ. నచ్చకపోతే ఎప్పుడైనా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. చివరిదాకా నిలిచినవాళ్లలో ఎవరి ఐదు ముక్కల జట్టు పెద్దదైతే గింజలన్నీ వాళ్లవే.

నాయన చేతిలో ఆటీను ఆసు, రాజు, తొమ్మిది, పక్కన ఒక కళావరు ఏడు. కింద రెండు ఆటీన్లు పడ్డాయి. మూడూ రెండూ ఐదు, అన్నీ ఒకే రంగు అని సంబరంగా గింజలన్నీ ముందుకు తోశాడు. వాడు నవ్వలేదు. ముక్కలు ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపి చెప్పాడు. "తాతా, చేతిలోవి రెండే వాడాల. కిందవి మూడే. ఒకటి కాదు, మూడు కాదు, ఎప్పుడూ అంతే. నీకు నాలుగు ఆటీన్లే." టెక్సాస్ హోల్డెమ్ అనే ఇంకో రకం పోకర్‌లో అయితే చేతికి రెండే ఇస్తారట, వాటిని వాడినా వాడకపోయినా మనిష్టమట. ఇందులో ఆ వీలు లేదు.

"చేతిలో ఉండేదాన్ని వాడొద్దంటే ఎట్లరా?" అని నాయన కాసేపు వాదించాడు. తర్వాత ఆయనలోని లెక్కల అయివోరు లేచాడు. నాలుగింటిలో రెండు ఆరు రకాలుగా, ఐదింటిలో మూడు పది రకాలుగా తీయొచ్చు, మొత్తం 60 జట్లు చూసుకోవాల అన్నాడు. ఇద్దరూ అరగంట తెలుగులోనే మాట్లాడుకున్నారు. ఐదేళ్లు ఆదివారం తెలుగు బడికి పంపి, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే పలకనని పంతం పట్టి నేను రాబట్టలేని తెలుగు అది. వంటింటి గడప మీద నిలబడి విన్నాను. సంతోషం కంటే ముందు సిగ్గేసింది.

ఇంకో ఆటలో నాయనకు సీక్వెన్సు, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఐదు ముక్కలు, వాడికి కలరు, అంటే ఒకే రంగు ముక్కలు ఐదు వచ్చాయి. "సీక్వెన్సు కదరా పెద్దది, కలరు చిన్నది" అన్నాడు నాయన. పోకర్‌లో కలరే పెద్దది తాతా అన్నాడు వాడు. ఐదు ముక్కల్లో సీక్వెన్సు 10,200 రకాలుగా వస్తే కలరు 5,108 రకాలుగానే వస్తుంది, అరుదైనదే పెద్దది. మూడు ముక్కలాటలో లెక్క తిరగబడుతుంది. అక్కడ సీక్వెన్సే అరుదు, అదే పెద్దది.

రమ్మీలో కలరు పెద్దదా చిన్నదా అన్న మాటే రాదు. మరి నాయనకు ఆ వరస ఎట్లా నోటికొచ్చింది?

రాత్రి మిద్దె మీద పడక వేస్తూ అడిగాను. "నేనూ ఆడినా అమ్మణ్ణీ, మీ మామతో పాటు, ఆ తోట పోయిన రాత్రి కూడా. నేను లేచి వచ్చేసినా. ఆయన లేవలేకపోయినాడు. చెయ్యి పట్టుకుని లేపాల్సింది, లేపలేదు." అంతే చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. సగమే తెలిసిన కథను పట్టుకుని నేను ఇన్నాళ్లు పిల్లాడి మీద తీర్పులు చెప్పాను.

తిరిగొచ్చాక ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నాయన నాలుగు ముక్కలు, ఐదు ముక్కలు పరిచి "ఏముందో చెప్పు" అంటాడు. వీడు తెలుగులో చెప్తాడు. నేను అడ్డం చెప్పడం లేదు. కానీ కట్ట మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. అదేం న్యాయమని వాడడిగితే నా దగ్గర సమాధానం లేదు.

మొన్న ఇంకొకటి అడిగాడు. స్నేహితుడింట్లో శనివారం ఆటట, తలా ఐదు డాలర్లు పెట్టుకుంటారట, వెళ్లనా అని. నాయనకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. "వాడు మధ్యలో లేచి రాగలడా లేదా, అది చూసుకో" అన్నాడు.

పంపకుండా అది చూసేదెట్లాగో నాకు తెలియడం లేదు. శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది.